కాలదోషం పట్టని అప్పు

గుంటూరు వైపు ‘ఐపీ పెట్టాడు’ అంటే ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. మిర్చి ధర పడిపోయినా, చీటీలు మునిగినా ముందుగా వినపడే మాట అదే. కోర్టులో వేసే దివాలా దరఖాస్తుకు, అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్‌కు, జనం పెట్టుకున్న పొట్టి పేరు. అది కాక ప్రామిసరీ నోటుకు మూడేళ్ల గడువు ఉంది. ఈలోగా దావా వేయకుండా, చెల్లు వేయించుకోకుండా, నోటు తిరగ రాయించుకోకుండా వదిలేస్తే కాలదోషం పట్టి, కోర్టులో చెల్లని కాగితమైపోతుంది.

ఈ మాటలు మంగళగిరిలో చెప్పుకోవడానికి కారణముంది. రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయం ఇక్కడే. రాష్ట్ర ప్రత్యేక పోలీసు (ఏపీఎస్పీ) ఆరో బెటాలియనూ ఇక్కడే. ఆ గేట్ల లోపల ఆయుధాలు, రహస్య ఫైళ్లు చూసుకునే వాళ్లలో చాలామంది పత్తి చేలల్లోంచి, మగ్గం గుంటల్లోంచి వచ్చినవాళ్లు. చెల్లెలి పెళ్లికి, నాన్న వైద్యానికి చేసిన అప్పు వాళ్ల వెంటే వస్తుంది.

ప్రభుత్వోద్యోగి అప్పు సొంత విషయం కాదని మన నిబంధనలు ఏనాడో చెప్పాయి. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తన నియమావళి, 1964లో 17వ నియమం అదే. అలవాటుగా అప్పుల్లో కూరుకుపోకూడదు, బాకీ వసూలుకు గానీ దివాలాకు గానీ కోర్టు వ్యవహారం మొదలైతే వెంటనే పైవాళ్లకు తెలపాలి. రాష్ట్ర నియమావళిలోనూ అప్పులు, దివాలా మీద నియమం ఉంది. కానీ ఉద్యోగంలో చేరేటప్పుడు జరిగే పోలీసు విచారణ చూసేది ముఖ్యంగా కేసులు, నడవడిక. అప్పు సంగతి ఆఫీసుకు తెలిసేది చాలాసార్లు జీతం అటాచ్‌మెంట్ ఉత్తర్వు వచ్చిన రోజునే. ఆ మనిషి అప్పటికే ఎన్ని రాత్రులు నిద్రలేకుండా గడిపాడో ఎవరు అడిగారు?

అమెరికాలో అప్పు సంగతి మొదటే అడుగుతారు. అక్కడ పౌరసత్వం తీసుకున్న మన పిల్లలు రక్షణ రంగంలో సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్యాలు చూసే అనుమతి) కోరితే ఎస్‌ఎఫ్-86 అనే దరఖాస్తు నింపాలి. అందులో 26వ విభాగమంతా అప్పులే: ఏడేళ్లలో ఏ వాయిదాలు ఎగ్గొట్టారు, ఇప్పుడు 120 రోజులు దాటిన బాకీ ఉందా? 2017 జూన్ 8 నుంచి అమల్లో ఉన్న క్లియరెన్స్ మార్గదర్శకాల్లో ‘ఎఫ్’ భాగం దీనికే. డబ్బుకు కటకటలాడే వాడిని శత్రువు సులువుగా కొనగలడన్నది వాళ్ల భయం. అది ఊహ కాదు. విడాకులతో, అప్పులతో సతమతమైన సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1985లో సోవియట్ గూఢచారులకు రహస్యాలు అమ్మాడు, 1994లో గానీ దొరకలేదు.

నన్ను ఆలోచనలో పడేసిన సంగతి ఇంకొకటుంది. కాలదోషం పట్టిందని బాకీ వదిలేస్తే, దాన్ని నిజాయితీగా తీర్చే ప్రయత్నంగా అమెరికా రక్షణ శాఖ అప్పీళ్ల బోర్డు లెక్కించదు. దివాలాకు చట్టం ఒప్పుకున్నా, అది ఒక్కటే సరిపోదంటుంది. అంటే మన ఊళ్లో కోర్టు మెట్ల మీద తీరిపోయే బాకీ అక్కడి అధికారి బల్ల మీద బతికే ఉంటుంది. అయితే ఉద్యోగం పోయి, జబ్బు చేసి, కాపురం చెడి అప్పులపాలైన వాడిని వాళ్లు తోసిపుచ్చరు. ఆ కష్టంలో బాధ్యతగా నడుచుకున్నాడా, అప్పులవాళ్లతో మాట్లాడి నెలనెలా కొంతైనా కడుతున్నాడా అని చూస్తారు. దాచిపెట్టి అబద్ధం రాస్తే మాత్రం అప్పు కన్నా ఆ అబద్ధమే పెద్ద తప్పవుతుంది.

ఇదంతా మనకు దూరపు సంగతి కాదు. 2019 డిసెంబరులో విశాఖ నౌకాదళ గూఢచర్యం కేసును బయటపెట్టిన వాటిలో మన రాష్ట్ర పోలీసు నిఘా విభాగమూ ఉంది. ఏడుగురు నేవీ సిబ్బంది అరెస్టయ్యారు, వాళ్లకు హవాలా దారిలో డబ్బు ముట్టిందని అభియోగం.

అందుకే కొత్తగా చేరే కానిస్టేబుల్‌ను ‘నీకు అప్పెంత ఉంది బాబూ?’ అని మొదటి నెలలోనే అడగాలంటాను, ఉద్యోగం తీసేయడానికి కాదు, తక్కువ వడ్డీకి శాఖ నుంచే అప్పు ఇప్పించి నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీ వాడి గుప్పిట్లోంచి బయటికి లాగడానికి.