బుల్లెట్టు ఆగినా బూట్ల కిర్రు ఆగదే!

చిటికెడు పౌడరుతో కొంత.. చుక్క ఆముదంతో కొంత.. మిగిలింది చర్మకారుడి చేతిలో

'కందెన వేయని బండికి కావలసినంత సంగీతం' అని సామెత. ఈ సంగీతం ఎద్దుబండికే పరిమితం కాదు. వేలకు వేలు పోసి కొన్న మోటారుసైకిలు బూట్లు కూడా అప్పుడప్పుడు కచేరీ మొదలుపెడతాయి. బండి మీద ఉన్నంతసేపూ ఇంజను హోరులో ఏమీ తెలియదు. బండి దిగి ఆఫీసు వరండాలోనో, ఆసుపత్రి వార్డులోనో నాలుగడుగులు వేయగానే 'కిర్రు.. కిర్రు..' మంటూ అందరి తలలూ ఇటు తిప్పిస్తాయి. రాత్రి గస్తీ తిరిగే పోలీసుకు, పరీక్ష హాలులో పచార్లు చేసే మాస్టారికి ఈ బాధ మరీ ఎక్కువ. మనిషి కన్నా ముందు బూటు వచ్చి కబురు చెప్పేస్తుంది.

చాలామంది చేసే పని ఒకటే. కొంతకాలం ఓర్చుకుని, ఆ తర్వాత జతను అటకెక్కించడం. నిజానికి ఈ కిర్రులో ఎక్కువ భాగం ఇంట్లోనే పోగొట్టుకోవచ్చు. కాకపోతే అది ఎక్కడ పుడుతోందో ముందు కనిపెట్టాలి.

ఒకప్పుడు అదే దర్జా

ఇప్పుడు నామోషీగా తోచే ఈ చప్పుడు ఒకనాడు హోదాకు గుర్తు. మోతుబరులు కిర్రు చెప్పులు తొడుక్కుని వీధిలో నడిస్తే, మలుపు తిరగకముందే ఎవరొస్తున్నారో అరుగుల మీది వారికి తెలిసిపోయేది. కొల్హాపురి చెప్పుల్లోనూ చప్పుడు రావాలని కోరి మరీ కుట్టించుకునే అలవాటుంది. మహారాష్ట్ర, కర్ణాటకల్లో తయారయ్యే ఈ చెప్పులకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఈ దర్జాకు రెండో వైపు చేదుగా ఉంటుంది. తోలు పదును చేసి, అట్ట కోసి, ఆరెతో పొడిచి, ఆ కిర్రును పుట్టించిన మనిషే చెప్పులు తొడుక్కుని పెద్దల ఇళ్ల ముందు నడవడానికి వీలులేని ఊళ్లుండేవి. చెప్పులు చేత పట్టుకుని ఆ వీధి దాటాల్సి వచ్చేది. ఒకరి కాళ్ల కింద మోగిన హోదా మరొకరి చేతి పనే అని ఒప్పుకున్నవారు తక్కువ.

ఇంగ్లండులో మరో నమ్మకం ఉండేది. బూట్లు కిర్రుమంటున్నాయంటే వాటి బాకీ ఇంకా తీర్చలేదని అర్థమట!

చప్పుడెలా పుడుతుంది?

బూటు ఒకే ముక్క కాదు. పాదానికి తగిలే లోపలి అట్ట, నేలకు తగిలే అడుగు అట్ట, రెంటికీ నడుమ బెండు పొడి లేదా మరేదైనా నింపుడు, నడిపాదం వంగిపోకుండా సన్నని ఉక్కు పట్టీ, వెనక మడమ, పైన తోలు, తాళ్ల కింద నాలుక. అడుగు పడినప్పుడల్లా ఇవన్నీ వంగుతాయి. కానీ ఒకే తీరున వంగవు.

అతుకు గట్టిగా ఉన్నంతకాలం ఫర్వాలేదు. అతుకు కాస్త వదిలితే ఒక పొర మరో పొర మీద జారబోతుంది. రాపిడి పట్టి ఆపుతుంది. బిగువు పెరిగి ఒక్కసారిగా జారుతుంది. మళ్లీ పట్టుకుంటుంది. క్షణంలో అనేకమార్లు జరిగే ఈ పట్టు-జారుడు ఆటే మన చెవికి కిర్రుగా వినపడుతుంది. తలుపు బందు మూలిగినా, ఫిడేలు తీగ పలికినా సూత్రం ఇదే. ఫిడేలు కమానుకు పట్టు పెరగడానికి రాజనం రుద్దుతారు. బూటుకు చేయవలసింది సరిగ్గా దానికి తిరుగుడు. జారుడైనా సాఫీ చేయాలి, లేదా కదలికే లేకుండా అతికించాలి.

మోటారుసైకిలు నడిపేవారికి మరో తంటా ఉంది. నేటి బండ్లలో గేరు ఎడమకాలి వైపు ఉంటుంది. గేరు మార్చడానికి బొటనవేలి దగ్గర పదేపదే ఎత్తడంతో ఎడమ బూటు పైతోలుకు రాపిడి ఎక్కువ. పాత బుల్లెట్లలో గేరు కుడివైపు ఉండేది కనుక వాటి యజమానులకు కుడి బూటే ముందు నలిగేది.

ముందు జబ్బు తెలియాలి

గదిలో ఫ్యాను ఆపి, బూట్లు తొడిగి నెమ్మదిగా నడవండి. ముందు మడమల మీద, తర్వాత మునివేళ్ల మీద నడిచి చూడండి. ఆ తర్వాత బూటు విప్పి, లోపల చెయ్యి పెట్టి, రెండో చేత్తో అడుగును వంచండి. పాదం మోపే చోట మోగితే లోపలి అట్ట పని. వంచినప్పుడు నడిపాదంలో 'టక్కు'మంటే ఉక్కు పట్టీ వదిలింది. నాలుకను అటూఇటూ కదిపితే మోగినట్లయితే తోలు మీద తోలు రాసుకుంటోంది. చాప మీద నడిస్తే నోరు మూసుకుని, నున్నని గచ్చు మీద మాత్రమే అరిస్తే దోషం రబ్బరు అడుగుది.

పౌడరు వైద్యం

లోపలి అట్ట ఊడివచ్చేదయితే బయటికి తీయండి. కింద చెంచాడు టాల్కం పౌడరు చల్లి, బూటును ఆడించి సమంగా పరచి, అట్టను తిరిగి పెట్టండి. పొరల మధ్య తేమను పౌడరు పీల్చుకుంటుంది. జారుడు సాఫీ అవుతుంది. అట్ట అతికించి ఉంటే పీకవద్దు. అంచుల వెంట చల్లి, వేళ్లతో నొక్కితే చాలు. నాలుకకు, తాళ్ల కింది తోలుకు మధ్య కూడా చిటికెడు చల్లవచ్చు. ఈ గుణం శాశ్వతం కాదు. చప్పుడు మళ్లీ వస్తే మళ్లీ చల్లుకోవాలి.

వానకు తడిస్తే..

వానాకాలంలో కిర్రు పెరగడానికి కారణం తేమే. తడిసిన బూట్లను వేడి సైలెన్సరు మీద పెట్టడం, పొయ్యి పక్కన ఆరవేయడం, మండుటెండలో వదలడం చాలామందికి అలవాటు. తోలు తడిగా ఉన్నప్పుడు వేడి తగిలితే ముడుచుకుపోతుంది. గట్టిపడి పగులుతుంది. జిగురు వదులుతుంది. అంటే ఒక కిర్రు పోగొట్టబోయి మరో రెండు తెచ్చుకున్నట్లే.

లోపలి అట్ట తీసేసి, పాత వార్తాపత్రికలు ఉండచుట్టి లోపల కుక్కండి. కాగితం తడవగానే మార్చండి. నీడలో, గాలి తగిలేచోట ఒకటి రెండు రోజులు ఉంచండి. పూర్తిగా ఆరకుండా పౌడరు చల్లితే ముద్ద కట్టడం తప్ప లాభం లేదు.

ఆముదం మంచిదే.. మితంగా!

మన పల్లెల్లో తోలు చెప్పులు మెత్తబడాలంటే ఆముదం పట్టించేవారు. తంగేడు చెక్కతో, కరక్కాయతో పదును చేసిన ఆ తోలు నూనెను చక్కగా తాగేది. 1884లో అగస్టస్ షుల్జ్ అమెరికాలో క్రోమియం లవణాలతో పదును చేసే పద్ధతికి పేటెంటు పొందిన తర్వాత లోకం క్రమంగా క్రోమ్ తోలు వైపు మళ్లింది. నేడు బూట్ల పైభాగాలు ఎక్కువగా ఈ తోలుతో చేసినవే. దీనికీ చమురు అవసరమే కాని, తడిసి ముద్దయ్యేలా పోయకూడదు. ఎక్కువైతే తోలు వదులై ఆకారం చెడుతుంది, కుట్లు బలహీనపడతాయి, దుమ్ము పేరుకుంటుంది.

గుడ్డకు రెండు మూడు చుక్కలు అద్ది, మడతలు పడే చోట, నాలుక అంచుల్లో పలుచగా రుద్ది, రాత్రంతా ఉంచి తుడిస్తే సరి. దుకాణాల్లో దొరికే తోలు కండిషనరు అయితే మరీ మంచిది. నూగు తోలు బూట్లకు, లోపల నీరు చొరని పొర కుట్టిన బూట్లకు నూనె పనికిరాదు. పందేల బూట్ల ప్లాస్టిక్కు కీళ్లు మోగితే వాటికి సిలికాన్ చమురు వాడాలి. ఇంజను ఆయిలు, గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

అడుగు జోలికి పోవద్దు

ఇది ముఖ్యమైన హెచ్చరిక. చప్పుడు పోతుంది కదా అని బూటు అడుగుకు నూనెగాని, పౌడరుగాని తగలనివ్వకండి. కూడలిలో దాదాపు 190 కిలోల బండిని ఆపి కాలు మోపినప్పుడు నిలబెట్టేది ఆ అడుగు పట్టే. అది జారిందంటే బండి, మనిషి ఇద్దరూ నేల మీదే. బ్రేకు మీటపై కాలు జారితే మరీ ప్రమాదం. గచ్చు మీద అరిచే రబ్బరు అడుగును సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి, ఉప్పు కాగితంతో లేతగా గీరితే చాలు.

కిర్రును బొత్తిగా తీసిపారేయడం కూడా తప్పే. పొరలు విడిపోతున్నాయని అది ఇచ్చే తొలి హెచ్చరిక కావచ్చు. ముందు అట్ట నోరు తెరిస్తే గేరు మీటకు తట్టుకుంటుంది. ఉక్కు పట్టీ విరిగితే పాదంలో గుచ్చుకుంటుంది.

చెట్టు కింది వైద్యుడు

పట్టీ కదిలినా, మడమ వదులైనా, అడుగు విడినా ఇంటి చిట్కాలు పనిచేయవు. అప్పుడు చర్మకారుడి దగ్గరికి వెళ్లాల్సిందే. అతను మడమ విప్పి, పట్టీని సరిచేసి, పాత జిగురు గీకి, సొల్యూషను రాసి, అది కాస్త ఆరాక నొక్కి, అంచున కుట్టు వేస్తాడు. సొల్యూషను రాయగానే అతికించి ఇమ్మని తొందరపెట్టేవారే ఎక్కువ. ఆ తొందరే వారం తిరక్కుండా మళ్లీ కిర్రు తెస్తుంది. ఒక పూట బూట్లు అతని దగ్గర వదిలి వెళ్లడం మేలు.

కొత్త జత ధరతో పోలిస్తే ఈ మరమ్మతు ఖర్చు ఏపాటిది? అయినా అక్కడే బేరమాడతాం. బస్టాండు దగ్గర, చెట్టు నీడన, చిరిగిన గొడుగు కింద కూర్చున్న ఆ చేతులకు ఏ పొర ఎక్కడ వదిలిందో వేలితో నొక్కితే తెలుస్తుంది. అడుగు అతికించి పారేసే చవక బూట్లు వచ్చాక ఆ నీడలు ఒక్కొక్కటీ ఖాళీ అవుతున్నాయి. మీ బూటు కిర్రుమంటే ఈసారి అడిగినంత ఇచ్చి, మంచి కుట్టు వేయించుకోండి.