చిన్న తెరచాప పడవ అణియంలో దాగిన బిగింపులు: చేరుకొనే మార్గాలు

6.1 పరిచయం

పడవ ముందు భాగాన్ని అణియం అనీ, వెనుక భాగాన్ని అమరం అనీ అంటారు. ఫైబర్‌గ్లాస్‌తో చేసిన అనేక చిన్న తెరచాప పడవల్లో అణియం నలువైపులా మూసి ఉన్న గదిలా ఉంటుంది. పడవను లాగడానికి, కట్టడానికి ఉపయోగపడే ఉక్కు కొక్కెం అక్కడే ఉంటుంది. తెరచాప స్తంభాన్ని ముందువైపు నుంచి పట్టి ఉంచే ఫోర్‌స్టే తీగ ఉన్న పడవల్లో దాని బిగింపు కూడా అక్కడే ఉంటుంది. బయట మనకు కనిపించేది బోల్టు తల మాత్రమే. నట్టు, వాషరు, ఆధారపు పలక లోపల ఉంటాయి. బిగింపు వదులైనప్పుడు బయట నుంచి బోల్టును తిప్పితే లోపలి నట్టు కూడా దానితో పాటే తిరుగుతుంది. అప్పుడు లోపలికి చేరుకోక తప్పదు. అదెలాగో ఈ భాగంలో తెలుసుకొందాం.

6.2 ఆ గది ఎందుకు మూసి ఉంటుంది?

మూసిన గదిలోని గాలి పడవను తేల్చి ఉంచుతుంది. ఆర్కిమిడీస్ సూత్రం ప్రకారం, నీట మునిగిన గాలి గదిలో ప్రతి లీటరు ఘనపరిమాణం సుమారు 1 కిలో బరువును మోస్తుంది. 50 లీటర్ల గది నీటితో నిండితే దాదాపు 50 కిలోల తేలే శక్తి పోతుంది. కాబట్టి డెక్‌పై మీరు కోసే ప్రతి రంధ్రమూ పడవ భద్రతకు సంబంధించినదే. ఈ విషయాన్ని పని పూర్తయ్యేవరకు గుర్తుంచుకోండి.

6.3 లోపాన్ని గుర్తించడం

బిగింపు చుట్టూ గోధుమ రంగు తుప్పు చారలు, నక్షత్రం ఆకారంలో పగుళ్లు, చేతితో ఊపితే కదలిక కనిపిస్తే అనుమానించాలి. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదని చాలామంది అనుకొంటారు. దానిని కాపాడేది పలుచని క్రోమియం ఆక్సైడ్ పొర. ఆ పొర నిలవాలంటే ఆక్సిజన్ అందాలి. ఉప్పునీటి తేమ నిలిచి, గాలి ఆడని సందులో పొర దెబ్బతిని బోల్టు లోలోపలే సన్నబడుతుంది. తల మెరుస్తున్నా మెడ తెగిపోవచ్చు. ఆధారంగా పెట్టిన చెక్క కుళ్లినా ఫలితం ఇంతే.

6.4 చేరుకొనే క్రమం

ముందుగా స్తంభాన్ని దించండి. ఫోర్‌స్టేను విప్పాక స్తంభం పడిపోతే ప్రాణాపాయం కలగవచ్చు. తరువాత ఈ క్రమాన్ని పాటించండి.

(అ) ఉన్న దారులను వెదకండి: నీరు వదిలే రంధ్రం, పాత తనిఖీ మూత వంటివి. సెల్‌ఫోన్ కెమెరాను కర్రకు కట్టి లోపలికి చూపితే చాలావరకు తెలుస్తుంది.

(ఆ) బయటి నుంచే పని అవుతుందా చూడండి: బిగింపు కేవలం స్క్రూలతో చెక్క దిమ్మెకు పట్టి ఉండి, ఆ దిమ్మె గట్టిగా ఉంటే, వదులైన రంధ్రాలను ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మళ్లీ డ్రిల్లు చేయవచ్చు.

(ఇ) తప్పనిసరి అయితేనే కోయండి: ముందు మీ చేతిని కొలవండి. 100 మి.మీ. రంధ్రంలో చెయ్యి దూరుతుంది గానీ పానా పట్టుకొని తిప్పడం కష్టం. 150 మి.మీ. ఉంటే సులువు. లేజర్ తరగతి పోటీ నిబంధనలు 153 మి.మీ. లోపలి వ్యాసానికి మించని తనిఖీ రంధ్రాలను అనుమతిస్తాయి. వేరే తరగతి పడవ అయితే దాని నిబంధనలు ముందే చూసుకోండి.

స్థలం డెక్‌పై సమతలంగా, అంచులకు, స్తంభానికి దూరంగా ఉండాలి. నాణెంతో తట్టి చూస్తే గట్టి చోటు, డొల్ల చోటు ధ్వనిలోనే తేడా తెలుస్తుంది. రంధ్రం మధ్య బిందువు వద్ద చిన్న బెజ్జం వేసి, L ఆకారంలో వంచిన తీగను దూర్చి చుట్టూ తిప్పండి. ఎక్కడైనా తగిలితే కింద అడ్డు ఉందని అర్థం. కోసేటప్పుడు ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఫైబర్‌గ్లాస్ ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

లోపల ఫోమ్ అడ్డువస్తే ఒక దిమ్మెగా కోసి తీసి, పని అయ్యాక తిరిగి పెట్టండి. నీరు పీల్చి బరువెక్కిన ఫోమ్‌ను మాత్రం మార్చాలి.

6.5 బిగించడం, మూయడం, పరీక్షించడం

ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు బయట బోల్టు తలను పట్టుకొంటే మరొకరు లోపల నట్టు తిప్పాలి. పాతదానికంటే వెడల్పయిన ఆధారపు పలక వాడితే లాగుడు బలం ఎక్కువ వైశాల్యంపై పరచుకొంటుంది. నట్లను ముందే పలకకు అతికిస్తే మరోసారి లోపలికి చెయ్యి పెట్టవలసిన అవసరం తగ్గుతుంది. కోసిన అంచులో చెక్క లేదా ఫోమ్ పొర కనిపిస్తే ఎపాక్సీ పూసి మూయాలి. తరువాత మరల ఉన్న తనిఖీ మూతను సీలెంటుతో అమర్చండి.

సబ్బు నీళ్లు అతుకులపై పూసి, రంధ్రం గుండా గొట్టంతో నోటి ద్వారా మెల్లగా ఊదండి. బుడగలు వచ్చిన చోట కారుతున్నట్లు. పంపు, కంప్రెసర్ వాడకూడదు. ఒత్తిడికి డెక్ అతుకు విచ్చుకోవచ్చు. ఒడ్డున ఎండలో ఉంచినప్పుడు మూత తెరిచి ఉంచండి. నీటిలోకి దించే ముందు తప్పక బిగించండి.

6.6 సారాంశం

అణియంలోని బిగింపును చేరుకోవడంలో కోత చివరి మార్గం. కోస్తే, దానిని నీరు చొరకుండా మూసి పరీక్షించే వరకు మరమ్మతు పూర్తి కానట్లే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 30 లీటర్ల గాలి గది నీటితో నిండితే పడవ కోల్పోయే తేలే శక్తి ఎంత?
2. డెక్ కోసే ముందు వంచిన తీగతో పరీక్షించడం ఎందుకు?
3. గాలి పరీక్షకు కంప్రెసర్ ఎందుకు వాడకూడదు?