మొదటిసారి విమానంలోంచి దూకే ముందు

వేసవి వచ్చిందంటే ఈ మధ్య మనవాళ్ళ ఇళ్ళల్లో ఒక కొత్త గొడవ మొదలవుతోంది. పిల్లవాడికో పిల్లకో పద్దెనిమిదేళ్ళు నిండగానే "ఫ్రెండ్స్‌తో స్కైడైవింగ్‌కి వెళ్తున్నాం" అంటారు. తల్లి వద్దంటే వద్దంటుంది, తండ్రి ఏ సంగతీ తేల్చడు. ఇంతకీ దూకేది పిల్లలే కాదండోయ్, మా ఆఫీసులో నలభై దాటిన వాళ్ళు కూడా వరసకట్టారు. నేను మూడుసార్లు దూకాను. అంతమాత్రాన నిపుణుణ్ణి కాదు గానీ, వెళ్ళే ముందు తెలుసుకోవలసినవి నాలుగు మాటలు చెప్పగలను.

అమెరికాలో కొత్తవాళ్ళు దాదాపు అందరూ మొదట చేసేది టాండెమ్ జంప్. అంటే ఇన్‌స్ట్రక్టర్ ఛాతీకి మిమ్మల్ని కట్టుకుని దూకుతాడు. సాధారణంగా 10 నుంచి 14 వేల అడుగుల ఎత్తులో విమానం తలుపు తీస్తారు. అంత ఎత్తు నుంచైతే నిమిషం లోపు గంటకు 120 మైళ్ళ వేగంతో పడతారు. సుమారు 5 వేల అడుగుల దగ్గర పారాషూట్ తెరుస్తారు, ఆ తర్వాత అయిదారు నిమిషాలు తేలుతూ దిగుతారు. జెయింట్ వీల్‌లో కడుపులో తిప్పినట్టు అవుతుందేమోనని చాలామంది భయం. అలా ఉండదు. విమానం అప్పటికే వేగంగా పోతూ ఉంటుంది కాబట్టి పడుతున్నట్టు కాక, పెద్ద గాలివాన మీద బోర్లా పడుకున్నట్టు ఉంటుంది.

ఇక ప్రమాదం సంగతి. యునైటెడ్ స్టేట్స్ పారాషూట్ అసోసియేషన్ లెక్కల ప్రకారం 2024లో ఈ దేశంలో సుమారు 38.8 లక్షల జంపులు జరిగితే 9 మంది చనిపోయారు. 1970లలో ఏడాదికి సగటున నలభై మందికి పైగా పోయేవారు. టాండెమ్‌లో అయితే సుమారు 5 లక్షల జంపులకు ఒక విద్యార్థి మరణం అని ఆ సంస్థే చెబుతుంది. ఇంత తగ్గడానికి పరికరాలు మెరుగుపడడం ఒక ముఖ్య కారణం. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే బ్యాకప్‌కి బ్యాకప్ ఉంది. అసలు పారాషూట్ తెరుచుకోకపోతే రిజర్వ్ పారాషూట్ ఉంటుంది. దాన్ని లైసెన్సున్న రిగ్గర్ 180 రోజులకొకసారి విప్పి, పరీక్షించి, మళ్ళీ మడిచి పెట్టాలి. ఇన్‌స్ట్రక్టర్ స్పృహ తప్పినా సరే, ఇంకా వేగంగా పడుతూనే ఉంటే ఆ రిజర్వ్‌ని తనంతట తాను తెరిచే చిన్న యంత్రం ఒకటి ఉంటుంది. టాండెమ్‌లో అది తప్పనిసరి.

కాబట్టి పారాషూట్ గురించి కన్నా, దాన్ని కట్టుకున్న మనిషి గురించి ఎక్కువ ఆలోచించమంటాను. ఎఫ్.ఏ.ఏ. నిబంధన ప్రకారం టాండెమ్ ఇన్‌స్ట్రక్టర్‌కి కనీసం 3 ఏళ్ళ అనుభవం, 500 ఫ్రీఫాల్ జంపులు, మాస్టర్ లైసెన్సు, ఆపైన టాండెమ్‌కి ప్రత్యేక శిక్షణ ఉండాలి. 2016 ఆగస్టులో ఉత్తర కాలిఫోర్నియాలో ఒక 18 ఏళ్ళ కుర్రాడూ, అతన్ని కట్టుకుని దూకిన ఇన్‌స్ట్రక్టరూ ఇద్దరూ చనిపోయారు. ఆ ఇన్‌స్ట్రక్టర్‌కి చెల్లుబాటయ్యే టాండెమ్ అర్హత లేదని తర్వాత విచారణలో తేలింది. ఆ కుర్రాడు ఒక్క ప్రశ్న అడగాలని ఎవరూ చెప్పి ఉండరు. మీరు అడగండి. "మీ టాండెమ్ రేటింగ్ ఈ ఏడాదికి ఉందా? ఎన్ని జంపులు చేశారు?" అంటే మంచివాళ్ళు సంతోషంగా చూపిస్తారు. చిరాకు పడితే వెనక్కి వచ్చేయండి, డబ్బు పోతే పోయింది. ఇంకొకటి, ఏ ఊరి పేరు కొట్టినా కూపన్ అమ్మే వెబ్‌సైట్లు కొన్ని ఉంటాయి. వాళ్ళకి విమానమూ ఉండదు, మైదానమూ ఉండదు. నేరుగా దూకించే చోటికే ఫోన్ చెయ్యండి.

ఒంట్లో సంగతులు దాచకండి. జలుబో సైనసో ఉంటే చెవుల్లో భరించలేని నొప్పి వస్తుంది, ఆ వారం మానెయ్యండి. గుండె జబ్బు, బీపీ, నడుము నొప్పి ఉన్నవాళ్ళు ముందు డాక్టరుని అడగాలి. బరువుకి కూడా హద్దుంటుంది, చాలాచోట్ల 220, 240 పౌండ్ల మధ్య. ఉపవాసాలుండి వెళ్ళకండి, అలాగని పెళ్ళి భోజనమూ చెయ్యకండి, రెండిడ్లీలు చాలు. గాజులు, గొలుసులు ఇంట్లో పెట్టి రండి. మంగళసూత్రం తీయననే వాళ్ళుంటే కనీసం చొక్కా లోపల బిగుతుగా దాచి, ఇన్‌స్ట్రక్టర్‌తో ఆ మాట చెప్పండి. లేసులు కట్టుకునే బూట్లు వేసుకోండి. నేల మీద ఎండ మాడుస్తున్నా పైన చలేస్తుంది.

దెబ్బలు ఎక్కువగా తగిలేది గాలిలో కాదు, దిగేటప్పుడు. నేల దగ్గర పడగానే భయంతో కాళ్ళు కిందికి చాపేస్తాం, మడమ విరిగేది అక్కడే. మోకాళ్ళు పైకి లాక్కుని, కాళ్ళు ముందుకు చాపి, పీట మీద కూర్చున్నట్టు జారుతూ దిగాలి. విమానం ఎక్కక ముందే నేల మీద నాలుగైదుసార్లు ప్రాక్టీసు చేసి చూసుకోండి. పొట్ట ఉన్న మగవాళ్ళు పదిసార్లు.

సంతకం పెట్టించుకునే కాగితాలు చాలా పేజీలుంటాయి. వాళ్ళ నిర్లక్ష్యం వల్ల ప్రమాదం జరిగినా దావా వేయనని అందులో ఉంటుంది. చదవకుండా సంతకం పెట్టేది మీరు, ఆ మాటకి కట్టుబడేది ఇంట్లోవాళ్ళు. ఇన్సూరెన్స్ కూడా చూసుకోండి. టర్మ్ పాలసీ దరఖాస్తులో స్కైడైవింగ్ చేస్తారా అని చాలా కంపెనీలు అడుగుతాయి. అక్కడ అబద్ధం రాసి మొదటి రెండేళ్ళలో ఏదైనా జరిగితే డబ్బు ఇవ్వకపోవచ్చు. ఆఫీసు ఇచ్చే ప్రమాద బీమాల్లో కూడా చాలావాటికి ఈ మినహాయింపు ఉంటుంది. ఒక్కరి జీతం మీద, ఒక్కరి వీసా మీద నడిచే మన ఇళ్ళల్లో ఇది చిన్న విషయం కాదు.

గాలి ఎక్కువైనా, మబ్బు పట్టినా ఆ రోజు దూకనివ్వరు. నేను ఒకసారి పొద్దుణ్ణించి సాయంత్రం దాకా కూర్చుని తిరిగి వచ్చాను. విసుక్కోకండి, ఆపేవాళ్ళే మంచివాళ్ళు.

ఊళ్ళో అమ్మానాన్నలకి చెప్పాలా అంటారా? మనవాళ్ళు చాలామంది దిగాక ఫొటో పంపి చెబుతారు, అది మీ ఇష్టం. భార్యకో భర్తకో మాత్రం ముందే చెప్పండి. పాలసీ కాగితాలు ఏ అరలో ఉన్నాయో కూడా చూపించి వెళ్ళండి.