గుండెల్లో మంట - గుండెపోటు

తెలుగువారు ‘గుండెల్లో మంట’ అనే బాధను తమిళులు ‘నెంజెరిచ్చల్’ అనీ, కన్నడిగులు ‘ఎదెయురి’ అనీ, వంగీయులు ‘బుక్ జ్వాలా’ అనీ, హిందీ మాట్లాడేవారు ‘సీనే మే జలన్’ అనీ వ్యవహరిస్తారు. భాష ఏదైనా బాధ ఒక్కటే. తెలుగు పేరులో గుండె ఉన్నప్పటికీ, ఈ మంట పుట్టేది గుండెలో కాదు, అన్నవాహికలో.

ఆహారాన్ని జీర్ణం చేయడానికి జీర్ణాశయంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఊరుతుంది. జీర్ణాశయపు లోపొర దానిని తట్టుకొనగలదు. అన్నవాహికకు అంతటి శక్తి లేదు. ఈ రెండూ కలిసేచోట ఉన్న కండరం ఆహారాన్ని క్రిందికి విడిచి, వెంటనే మూసుకుంటుంది. అది సడలినప్పుడు ఆమ్లం పైకి ఎగదన్ని మంట పుట్టిస్తుంది. పొగాకు, మద్యం, స్థూలకాయం, గర్భధారణ ఇందుకు దోహదం చేస్తాయి.

ఈ మంట సాధారణంగా భోజనానంతరం, వంగినప్పుడో పడుకున్నప్పుడో రొమ్ముటెముక వెనుక మొదలై గొంతువైపు ప్రాకుతుంది. పుల్లని త్రేన్పులు వస్తాయి. మితంగా భుజించడం, భోజనానికీ నిద్రకూ మధ్య రెండు మూడు గంటల వ్యవధి ఉంచడం, మంచానికి తలవైపు సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తు పెట్టడం మేలు చేస్తాయి.

గుండెపోటు లక్షణాలు వేరు. ఛాతీని బిగించినట్లు, బరువు మోపినట్లు ఉంటుంది. నొప్పి చేతికి, దవడకు, మెడకు, వీపుకు వ్యాపించవచ్చు. చల్లని చెమటలు, ఆయాసం, వికారం తోడవుతాయి. అయితే మధుమేహ రోగులలో, స్త్రీలలో, వృద్ధులలో ఈ లక్షణాలు స్పష్టంగా కనిపించకపోవచ్చు. ‘గ్యాస్’ అనుకొని మాత్ర వేసుకొని ఎదురుచూడడం ప్రమాదకరం. మాత్రతో కొంత ఉపశమనం కలిగినంత మాత్రాన అది గుండెపోటు కాదని చెప్పలేము. సందేహం కలిగిన క్షణమే ఆసుపత్రికి చేరవలెను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమై అనేక రాష్ట్రాలకు విస్తరించిన 108 అంబులెన్సు సేవ ఇటువంటి అత్యవసర సమయాలకే ఉద్దేశింపబడినది.

మంట మాత్రమే అయినా, వారానికి రెండుసార్లకు మించి వస్తున్నప్పుడు, రెండు వారాలు మందులు వాడినా తగ్గనప్పుడు వైద్యుని సంప్రదించవలెను. మింగుడు పడకపోవడం, అకారణంగా బరువు తగ్గడం, విడువని వాంతులు కనిపిస్తే అంతకాలం ఆగరాదు. రక్తపు వాంతి అయినా, మలం తారువలె నల్లగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను. పరీక్షలో మంట మాత్రమే అని తేలితే పోయేది కొంత సమయమే. గుండెపోటును మంటగా భావించి జాగు చేస్తే ప్రాణమే పోవచ్చు.