ముక్కు వైపు నుంచి చూడాలి

విమానం మోడల్‌ని నా ముందు పెడితే ముందుగా రంగు చూడను, రెక్కల మీది గుర్తులూ చూడను. వంగి, బల్ల ఎత్తుకు కళ్లు దించి, ముక్కు వైపు నుంచి చూస్తాను. రెండు రెక్కలూ ఒకే వాలులో ఉన్నాయా, తోక నిటారుగా నిలిచిందా, చక్రాలన్నీ బల్లకు ఆనుతున్నాయా? సగం తీర్పు అక్కడే తేలిపోతుంది.

తిరుపతి రైల్వే క్యారేజీ షాపులో బోగీలకు రంగులు కొట్టి రిటైరైనవాణ్ణి. లప్పం, ఉప్పు కాగితం, స్ప్రే గన్ నాకు పాత చుట్టాలే. కాలేజీ పిల్లలు మోడళ్ల పోటీ పెట్టినప్పుడు జడ్జిగా రమ్మంటుంటారు.

ముందు స్కేలు సంగతి. ఈ సరదాలో బాగా చెలామణీలో ఉన్నది 1/72. ఆరడుగుల మనిషి ఆ లెక్కన సరిగ్గా అంగుళం అవుతాడు. 2025 సెప్టెంబరులో మన వాయుసేన సాగనంపిన మిగ్-21 రెక్కల వెడల్పు 7.15 మీటర్లు; మోడల్‌లో పది సెంటీమీటర్లకు రవ్వంత తక్కువ. రేణిగుంటలో దిగే ఏటీఆర్ 72కి రెక్కలు 27 మీటర్లు. దాన్ని 1/144లో చేస్తే 19 సెంటీమీటర్లలోపే, టీవీ పక్కన పట్టేస్తుంది. ప్రయాణికుల విమానాలకు ఆ చిన్న స్కేలు వాడేది అందుకే. ఏ స్కేలు ఎంచుకున్నా మోడల్‌లో ప్రతి భాగమూ దానికే కట్టుబడాలి. తిరుపతిలో దేవస్థానం వారి శిల్ప కళాశాల ఉంది కదా, అక్కడా ఇదే నియమం. తాలం అని ఒక కొలత పట్టుకుంటే విగ్రహమంతా దానికి లోబడాల్సిందే.

ఆకారానికి ఇంత పట్టింపు ఎందుకంటే, ఒకప్పుడు దాని మీద ప్రాణాలు ఆధారపడ్డాయి. 1942లో అమెరికా నౌకాదళం బడిపిల్లల చేత 1/72లో ఐదు లక్షల చెక్క విమానాలు చేయించింది. నల్లరంగు తప్ప మరే అలంకారమూ లేదు. 35 అడుగుల దూరంలో పెడితే అసలు విమానం అరమైలు దూరంలో ఎగురుతున్నట్టు కనిపిస్తుంది. శత్రువుదా, మనదా అని సైనికులు గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ఆకారం చెడిన మోడల్ అక్కడ ఎందుకూ కొరగాదు.

ఇక అతుకులు. ప్లాస్టిక్ కిట్‌లో విమానం ఒళ్లు రెండు చెక్కలుగా వస్తుంది. దీని జిగురు అంటించదు, ప్లాస్టిక్‌నే కరిగించి ఒకటి చేస్తుంది. ఆరాక అతుకు మీద లప్పం పట్టించి, నీళ్లు తడుపుతూ సన్న కాగితంతో రుద్దాలి. పక్కనుంచి టార్చి వేస్తే చాలు, దాచిన గీత బయటపడుతుంది. కాక్‌పిట్ అద్దానికి మాత్రం ఫెవిక్విక్ వద్దు, ఆ ఆవిరికి అద్దం తెల్లబడిపోతుంది. మామూలు తెల్ల ఫెవికాల్ మేలు.

మా ఎండలకు రంగు వేయడం ఒక పరీక్ష. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం స్ప్రే చేస్తే రంగు గాల్లోనే ఎండి పొడిలా రాలుతుంది. కార్తీకం ముసురులో లాకరు కొడితే పైన తెల్లపొర కమ్ముతుంది. వేసవిలో తెల్లవారుజామునే పని ముగించాలి. గుర్తులు అంటించే ముందు మెరుపు వార్నిష్ తప్పనిసరి. గరుకు మీద అంటిస్తే కింద గాలి చిక్కి వెండిలా తళుక్కుమంటుంది.

పిల్లలకు నచ్చని మాట ఒకటుంది. ఖరీదైన కిట్‌కి అదనపు మార్కులుండవు. వేలు పోసి కొన్నదాంట్లో అతుకు కనిపిస్తే, మూడొందల రూపాయల శుభ్రమైన మోడలే గెలుస్తుంది. 1963లో ఇంగ్లండులో పుట్టిన అంతర్జాతీయ మోడలర్ల సంఘం శాఖల పోటీల్లోనూ ముందు చూసేది పనితనమే. నట్లూ బోల్టుల నిజానిజాలు తర్వాత.

రెండు మోడళ్లు సమానంగా నిలిస్తే అప్పుడు వివరాల్లోకి దిగుతాను. ఏటీఆర్ అయితే ఒక్కో ప్రొపెల్లర్‌కి ఆరు రెక్కలుండాలి, ఆరూ ఒకే వైపు మెలి తిరగాలి. అప్పటికీ తేలకపోతే, మోడల్‌ని జడ్జి ముట్టుకోకూడదు కాబట్టి, పళ్ల డాక్టరు వాడే చిన్న అద్దం కిందికి పెడతాను. ఎవరూ చూడరనుకున్న పొట్ట మీద కూడా ఉప్పు కాగితం తిప్పినవాడికే ప్రైజు.