భయం కూడా అంటుకుంటుంది

“ఓ స్త్రీ రేపు రా.” 1990లలో మన ఆంధ్ర ప్రాంతంలో ఎన్నో ఇళ్ళ తలుపుల మీద, గోడల మీద ఈ మాట కనిపించేది. రాత్రిపూట ఒక ఆడదెయ్యం తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందనీ, తలుపు తీస్తే ప్రాణం పోతుందనీ పుకారు. ఈ రాత చదివితే “రేపు వద్దాంలే” అని వెళ్ళిపోతుందట! కర్ణాటకలోనూ “నాళె బా” అని ఇలాగే రాసుకున్నారు. నమ్మనివాళ్ళు కూడా “రాస్తే పోయేదేముంది” అనుకుని రాశారు.

భయం గోడ మీద రాతతో ఆగిపోతే పరవాలేదు. ఒక్కోసారి అది ఒంట్లోకి దిగుతుంది. ఒకరు సొమ్మసిల్లితే, చూస్తున్న పదిమందికీ కళ్ళు తిరుగుతాయి. దీనినే మాస్ హిస్టీరియా అంటారు.

చరిత్రలో కొన్ని వింతలు

1518లో, నేటి ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఒక స్త్రీ వీధిలో ఆగకుండా నాట్యం మొదలుపెట్టింది. చూస్తుండగానే ఎంతోమంది ఆమెతో చేరారు. ఆడి ఆడి అలసిపోతే తగ్గుతుందని పెద్దలు వేదిక కట్టించి, వాద్యగాళ్ళను పెట్టించారు. తగ్గలేదు, ఇంకా పెరిగింది.

1962 జనవరిలో, నేటి టాంజానియాలోని కషాషా గ్రామంలో మిషన్ వారి బాలికల పాఠశాలలో ముగ్గురు అమ్మాయిలకు ఆగని నవ్వు, ఏడుపు పట్టుకున్నాయి. మార్చి నాటికి 159 మందిలో 95 మందికి అదే పరిస్థితి. బడి మూసేశారు. పిల్లలు ఇళ్ళకు వెళ్ళాక అది వారి ఊళ్ళకూ పాకింది. వైద్యులు పరీక్షలు చేస్తే విషం గానీ, రోగక్రిమి గానీ దొరకలేదు. ఎవరూ చనిపోలేదు.

ఇది నటన కాదు

చాలామంది “వేషాలు వేస్తోంది” అని ఆడపిల్లలను తిడతారు. అది పొరపాటు. భయం వేసినప్పుడు గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి ఎక్కువగా పీలుస్తాము. దానివల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, చేతులకు తిమ్మిర్లు వస్తాయి, వేళ్ళు కొంకర్లు పోతాయి. బాధ నిజమే. కారణం మాత్రం విషం కాదు, భయం.

ఏలూరు నేర్పిన పాఠం

అలాగని ప్రతిదానినీ భయమని తీసిపారేయకూడదు. 2020 డిసెంబరులో, అప్పటి మన జిల్లా కేంద్రమైన ఏలూరులో 600 మందికి పైగా జనం ఫిట్స్ వచ్చి, స్పృహ తప్పి ఆసుపత్రి పాలయ్యారు. పరీక్షిస్తే రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తరువాత ఎయిమ్స్, నీరీ నిపుణులు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమన్నారు. “అంతా భయమే” అని వదిలేసి ఉంటే ఆ రక్తాన్ని ఎవరు పరీక్షించేవారు?

మనం ఏమి చేయాలి?

• బడిలోనో, హాస్టల్‌లోనో పిల్లలు వరుసగా పడిపోతుంటే ముందుగా వైద్యునికి చూపించండి. తిన్న ఆహారం, తాగిన నీరు పరీక్ష చేయించండి.

• ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఉపయోగం లేదు.

• జ్వరం, ఆగని వాంతులు, ఫిట్స్, స్పృహ తిరిగి రాకపోవడం ఉంటే క్షణం ఆలస్యం చేయకండి.

• పరీక్షల్లో ఏమీ లేదని తేలితే పిల్లలను వేర్వేరుగా, ప్రశాంతంగా ఉంచండి. నెమ్మదిగా ఊపిరి తీసుకోమనండి. చుట్టూ గుంపు కట్టకండి, ఫోన్లలో వీడియోలు తీయకండి.

• దెయ్యమనీ, చేతబడి అనీ కొట్టడం, వాతలు పెట్టడం, ఎవరో ఒకరి మీద నింద మోపడం చేయకండి. జబ్బు కన్నా ఆ దెబ్బలే ప్రమాదం.

• తగ్గాక ఆ అమ్మాయితో ఒంటరిగా మాట్లాడండి. పరీక్షల ఒత్తిడో, ఇంటి బెంగో, ఎవరితోనూ చెప్పుకోలేని బాధో ఉండవచ్చు.

భయం ఒకరి నుండి ఒకరికి అంటుకుంటుంది. పక్కన నెమ్మదిగా ఉన్న మనిషి ఒక్కరుంటే, ధైర్యం కూడా అలాగే అంటుకుంటుంది.