పురుగు మోసెడి తెగులు



మన సిరోంచ ప్రాంతమున మిరప, వరి, ప్రత్తి రైతులు నమ్ముకొన్న పంటలు. కాయ పండిన వేళ మన గడ్చిరోలి జిల్లానుండి ఎన్నో కుటుంబములు నది దాటి, తెలంగాణమునందలి మిరపచేలలో కాయలు ఏరుటకు పోవుచుండును. చేను ముడుచుకొనిపోయినచో రైతుకు పంట లేదు, కూలికి పని లేదు. అందుచేత ఆకు ముడుత కనబడగనే రైతు అప్పు చేసియైనను మందు తెచ్చి చల్లును. ఒక్కొక్కప్పుడు పురుగు చచ్చును గాని తెగులు ఆగదు. దీనికి కారణమేమి?

కొన్ని తెగుళ్లకు మూలము వైరసు. అది సాధారణమైన సూక్ష్మదర్శినికి సైతము కానరానంత చిన్నది. అది తనంతట తాను కదలలేదు. మొక్క కణముయొక్క గోడను ఛేదింపలేదు. కావున దానికొక వాహనము కావలెను. సూదివంటి నోటితో రసమును పీల్చు పురుగులు అట్టి వాహనములు. మలేరియా క్రిమి దోమ శరీరములో పెరుగునని 1897లో రోనాల్డ్ రాస్ సికిందరాబాదులో కనుగొనెను. అంతకు మూడేండ్లు ముందే, 1894లో, జపానులో హషిమోటో అను రైతు వరి గిడసబారు రోగమునకును దీపపు పురుగులకును సంబంధము కలదని ప్రయోగముచేత చూపెను.

అయితే అన్ని పురుగులును వైరసును ఒకే రీతిగా మోయవు.

మిరపలో మొజాయిక్ తెగులును వ్యాపింపజేయునది పేనుబంక. రోగపు మొక్కను అది కొన్ని క్షణములు రుచి చూచినంతనే వైరసు నోటిసూదికి అంటుకొనును. మరియొక మొక్కను రుచి చూడగనే అచ్చట దిగును. పంచెకు అంటుకొన్న ఉత్తరేణి గింజలు ప్రక్క చేనిలో రాలినట్లే ఇదియును. మందు తగిలి పురుగు చచ్చులోపుగనే దాని పని ముగిసిపోవును. కావున చేను చుట్టును రెండు మూడు వరుసలు జొన్నగాని మొక్కజొన్నగాని దట్టముగా వేయుట మేలు. ఎగిరి వచ్చిన పేనుబంక ముందుగా వానిపై వ్రాలి, తన నోటి వైరసును అచ్చటనే పోగొట్టుకొనును.

వరిలో టుంగ్రో తెగులును తెచ్చునది పచ్చదీపపు పురుగు. ఇది కొంతసేపు రసమును పీల్చినగాని వైరసు దొరకదు. దొరకిన వైరసు కొద్ది దినములు మాత్రమే నిలుచును. పిల్లపురుగు కుబుసము విడిచినచో దానితో పోవును. కోత తరువాత చిగిర్చిన దుబ్బులలో ఈ వైరసు దాగియుండును గనుక వానిని దున్నివేయవలెను.

మిరపలో ఆకుముడుత వైరసును మోయునది తెల్లదోమ. ఈ వైరసు పురుగు కడుపునుండి రక్తములోనికి, అచ్చటినుండి లాలాజల గ్రంథులలోనికి చేరవలెను. ఇందుకు గంటల కాలము పట్టును. చేరినపిదప దోమ చాలకాలము, తరచుగా చచ్చువరకును, తెగులును పంచుచుండును. కావున నారుమడిపై సన్నని వల కప్పుట, పసుపుపచ్చని జిగురు అట్టలు నిలుపుట, తెగులు సోకిన మొక్కలను తొలినాళ్లలోనే పెరికివేయుట అవసరము.

వేరుసెనగలో మొవ్వుకుళ్లు తెగులును మోయు తామర పురుగుల కథ మరింత వింతయైనది. పిల్లదశలో పీల్చిన వైరసు వాని శరీరములోనే వృద్ధి చెందును. రెక్కలు వచ్చిన పిదప అవి దానిని చేలనిండ వెదజల్లును. పిల్లదశలో వైరసును గ్రహింపని పురుగు, పెద్దదైన తరువాత రోగపు మొక్కను పీల్చినను తెగులును మోయజాలదు.

ఒక సంగతి మరువరాదు. వైరసు సోకిన మొక్కను బాగుచేయు మందు లేదు. మనము చల్లునది పురుగును చంపు మందు మాత్రమే. ప్రతి ముడుతయు వైరసు కాదు. తామర పురుగులు పీల్చినను మిరపాకు పైకి ముడుచుకొనును; నల్లులు పీల్చినచో క్రిందికి ముడుచుకొనును. కావున డబ్బు చేతబట్టుకొని దుకాణమునకు పోకముందే, ఆకును త్రిప్పి అడుగుభాగమును చూడుడు. ఏ పురుగో తెలిసిన పిదపనే ఏమి చేయవలెనో తేలును.

విద్యార్థులారా, ఈ సంగతులను ఇంటివద్ద పెద్దలకు చదివి వినిపింపుడు. రేపు ఉదయము వారితో కూడ చేనికి పోయి, ఒక్క ఆకునైనను త్రిప్పి చూడుడు.